తల్లికి మార్కులు వేసే పరిశోధనలు ఇక చాలు

మాతా శిశు ఆరోగ్యంలో థీసిస్‌లకు గైడ్లుగా ఉన్నవారికి, సినాప్సిస్‌లను (థీసిస్ ప్రతిపాదనలను) ఆమోదించే కమిటీల సభ్యులకు, ఎథిక్స్ కమిటీలలో కూర్చునే పెద్దలకు, పరిశోధనలకు నిధులిచ్చేవారికి

నమస్కారం.

ఈ లేఖ ఒక ప్రశ్నావళి గురించి. మీరందరూ చూసిందే. ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. గర్భిణుల చేతికో, బాలింతల చేతికో, నర్సింగ్ విద్యార్థుల చేతికో ఇస్తారు. అది ప్రీ టెస్ట్. ఆ తర్వాత ముప్పావు గంట పాఠం, గోడకు ఒక చార్టు, చేతికి ఒక కరపత్రం. వారం తిరిగాక అదే ప్రశ్నావళి, అవే ప్రశ్నలు, అదే వరుసలో. అది పోస్ట్ టెస్ట్. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏం చేస్తాయి? జవాబులు చెప్పి మరీ పరీక్ష పెట్టాం కదా. పీ వాల్యూ 0.05 కన్నా తక్కువ వస్తుంది, అంటే ఆ పెరుగుదల కాకతాళీయం కాదని లెక్కలు చెప్తాయి. బోధనా కార్యక్రమం సత్ఫలితాలు ఇచ్చిందని చివరి అధ్యాయంలో రాస్తారు. బైండింగ్ అవుతుంది, వైవా అవుతుంది, లైబ్రరీ అల్మారాలోకి వెళ్తుంది. మరుసటి ఏడాది ఇంకో విద్యార్థి అదే ప్రశ్నావళిలో తల్లిపాలు తీసేసి టీకాలు పెడుతుంది.

నేను ప్రసూతి, శిశు నర్సింగ్ బోధిస్తాను. ఇలాంటి థీసిస్‌లు చదవడం, దిద్దడం, వైవాలో ప్రశ్నలు అడగడం నా ఉద్యోగంలో భాగం. విద్యార్థుల మీద నాకు ఫిర్యాదు లేదు. ఉన్న కొద్ది నెలల్లో, సొంత డబ్బుతో, వార్డు డ్యూటీలు చేసుకుంటూ, గైడ్ సరే అన్న దారిలో నడుస్తారు. ఆ దారి వేసింది మనం. కాబట్టి ఈ లేఖ మీకు.

ఆ ముప్పై ప్రశ్నలకు బయట ఏముందో చూడండి. పసికందులో ప్రమాద సంకేతాలు ఏమిటన్న ప్రశ్నకు తల్లి సరిగ్గా టిక్కు పెట్టింది. సరే. ఇంటికి వెళ్లాక ఒక రాత్రి బిడ్డ పాలు పట్టడం మానేస్తే ఆమె ఎంతసేపటికి గమనించింది? గమనించాక ఎవరిని అడగాల్సి వచ్చింది? వాళ్లు వెంటనే సరేనన్నారా, తెల్లారాక చూద్దామన్నారా? ఆసుపత్రికి ఎప్పుడు చేరింది? చేరాక అక్కడ చూసేవాళ్లు ఉన్నారా? బిడ్డ ప్రాణం ఈ ప్రశ్నల దగ్గర ఉంటుంది. మన థీసిస్ మాత్రం టిక్కు దగ్గరే ఆగిపోతుంది.

నా వాదన ఒక్కటే. పాఠం చెప్పడం, శిక్షణ ఇవ్వడం కూడా ఒక చికిత్సే. అయితే దాన్ని చికిత్సలాగే పరీక్షించాలి. కొత్త మందు ఇచ్చి, వారం తర్వాత రోగిని పిలిచి, మందు పేరు గుర్తుందా అని అడిగి, గుర్తుందంటే మందు పనిచేసిందని ఎవరైనా రాస్తే మీరు ఆ కాగితాన్ని ముఖాన కొడతారు. బోధన విషయంలో అదే పనికి డిగ్రీ ఇస్తున్నాం.

ఇంతకన్నా చేయడం కుదరదంటారేమో. కుదిరింది. బెలారూస్‌లో 1990ల చివర్లో తల్లిపాల మీద జరిగిన పరిశోధన చూడండి. పాలివ్వమని కొందరికి, ఇవ్వొద్దని కొందరికి లాటరీ తీయడం అన్యాయం. అందుకని పరిశోధకులు తల్లులను వదిలేసి ఆసుపత్రులకు లాటరీ తీశారు. ఒక గుంపు ఆసుపత్రుల్లో సిబ్బందికి తల్లిపాల విషయంలో గట్టి శిక్షణ ఇచ్చారు, ఇంకో గుంపులో ఎప్పటి పద్ధతే కొనసాగింది. 31 ఆసుపత్రులు, వాటికి అనుబంధంగా ఉన్న క్లినిక్కులు, 17,046 మంది తల్లీబిడ్డల జంటలు. మూడు నెలలకు కేవలం తల్లిపాల మీదే ఉన్న బిడ్డలు శిక్షణ ఇచ్చిన చోట 43.3 శాతం, ఇవ్వని చోట 6.4 శాతం. మొదటి ఏడాదిలో జీర్ణకోశ ఇన్‌ఫెక్షన్లు 13.2 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గాయి. అక్కడితో వదిలేయలేదు, ఆ పిల్లలు పెద్దయ్యేదాకా వెంట వెళ్లారు. ఇది నిఖార్సయిన విద్యా పరిశోధన. ఇందులో కొలిచింది బిడ్డ ఏం తాగింది, బిడ్డకు ఏ జబ్బు వచ్చింది అన్నది. ఎవరికి ఎన్ని మార్కులు అన్న పట్టిక దీని ముందు ఎందుకు పనికొస్తుంది?

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరం నుంచి ఇంకోటి. కాన్పులో తల బయటికొచ్చి భుజం ఇరుక్కుపోవడం లేబర్ రూమ్‌లో పనిచేసే ఎవరికైనా గుండె జారిపోయే క్షణం. టెన్షన్‌లో తలను లాగితే బిడ్డ చెయ్యి నరాలు దెబ్బతింటాయి. అక్కడి ఒక ఆసుపత్రిలో డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు అందరూ కలిసి బొమ్మ మీద ఏటా సాధన చేయడం మొదలుపెట్టారు. భుజం ఇరుక్కున్న కాన్పుల్లో గాయంతో పుట్టిన పిల్లలు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గారని 2008లో ప్రచురించారు. ముందు, తర్వాత పోల్చిన అధ్యయనమే అది. లాటరీ లేదు, దాని పరిమితులు దానికున్నాయి. అయినా కొలిచింది బిడ్డ చేతిని. అదే శిక్షణను తర్వాత స్కాట్లండ్ ప్రసూతి యూనిట్లలో లాటరీ పద్ధతిలో పరీక్షించినప్పుడు, పుట్టగానే నీరసంగా ఉన్న పిల్లల సంఖ్య అనుకున్నట్టు తగ్గలేదు. ఈ రెండో ఫలితం నాకు మొదటిదానికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. ఒకచోట పండిన శిక్షణ ఇంకోచోట ఎందుకు పండలేదో వెతకడానికి అది దారి తీసింది. మన అల్మారాల్లో ఉన్న థీసిస్‌లలో శిక్షణ పనిచేయలేదని రాసినది ఒక్కటి వెతికి చూపించండి. అన్నీ పనిచేశాయంటే అర్థం, పనిచేయకపోవడానికి వీలున్న దేన్నీ మనం కొలవలేదని.

ఇక ఉత్తరప్రదేశ్‌లో జరిగిన బెటర్‌బర్త్ అధ్యయనం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బోధన మీద నమ్మకం ఉన్న ప్రతి ఒక్కరూ దీన్ని చదివి నిద్ర పాడుచేసుకోవాలి. 24 జిల్లాల్లో 120 ఆరోగ్య కేంద్రాలు, లక్షన్నరకు పైగా కాన్పులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సురక్షిత ప్రసవ చెక్‌లిస్టు ఇచ్చి, కాన్పులు చేసే సిబ్బంది పక్కనే కోచ్‌లు నిలబడి ఎనిమిది నెలలు నేర్పారు. ఒక్క పాఠంతో సరిపెట్టలేదు, పదేపదే వచ్చి చూశారు, సరిచేశారు. 18 ముఖ్యమైన పనుల్లో ఎన్ని జరుగుతున్నాయో పరిశీలకులు కళ్లారా చూసి లెక్కరాశారు. మొదలైన రెండు నెలలకు కోచింగ్ ఉన్నచోట 72.8 శాతం పనులు జరుగుతున్నాయి, లేనిచోట 41.7 శాతం. కోచ్‌లు వెళ్లిపోయిన నాలుగు నెలలకు మళ్లీ చూస్తే 61.7 శాతానికి దిగాయి. తల్లీబిడ్డల మరణాలు, తల్లికి వచ్చిన తీవ్రమైన చిక్కులు కలిపి లెక్కేస్తే రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే, 15.1 శాతం, 15.3 శాతం. 2017లో ఈ ఫలితం ఉన్నది ఉన్నట్టు ప్రచురించారు.

ఈ పని మన పద్ధతిలో జరిగి ఉంటే ఏమయ్యేది? మొదటి వారం తర్వాత చెక్‌లిస్టు మీద ప్రశ్నావళి ఇచ్చేవాళ్లం. మార్కులు ఆకాశాన్ని తాకేవి. ఘనవిజయం అని రాసేవాళ్లం. చేతులు కడుక్కోవడం పెరిగినా మరణాలు ఎందుకు తగ్గలేదన్న ప్రశ్న పుట్టేదే కాదు. ఆ ప్రశ్న పుట్టాకే మిగతావి చర్చకు వచ్చాయి. పరిస్థితి విషమించినప్పుడు పై ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు ఉందా, సిజేరియన్ అవసరమైతే చేసేవాళ్లు ఉన్నారా, నైపుణ్యం నిలబడాలంటే శిక్షణ ఎన్నాళ్లకోసారి తిరగాలి? నేర్పడం ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పిన పరిశోధన అది.

అలాగని నేర్పడం దండగ అని తేల్చేయకండి. 2023లో వచ్చిన ఈమోటివ్ పరిశోధన దీనికి మరో వైపు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, రెండు లక్షల పైచిలుకు కాన్పులు. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని కంటితో అంచనా వేయడం ఎంత మోసమో మనలో అందరికీ తెలుసు. దుప్పట్లోకి ఇంకింది, కింద కారింది, చివరికి తక్కువే అనుకుంటాం. అక్కడ తల్లి కింద కారిన రక్తాన్ని పట్టే, కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ (షీటు) పరిచారు. గీత దాటగానే గర్భసంచి మర్దన, బిగువు పెంచే మందు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, రక్తం ఎక్కడినుంచి వస్తోందో వెతకడం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎదురుచూడకుండా ఒకేసారి మొదలుపెట్టమని సిబ్బందికి నేర్పారు. రక్తస్రావాన్ని గుర్తించడం 51 శాతం నుంచి 93 శాతానికి చేరింది. తీవ్ర రక్తస్రావం, దానివల్ల కడుపు కోయాల్సి రావడం, మరణం కలిపి 4.3 శాతం ఉన్నది 1.6 శాతం అయింది. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు. పాతవాటిని ఎప్పుడు వాడాలో చెప్పే ఒక కొలత, దాన్ని చూసి చేతులు కదిలేలా చేసిన శిక్షణ, అంతే. క్లినికల్ పరిశోధన, విద్యా పరిశోధన అని మనం వేర్వేరు డిపార్ట్‌మెంట్లలో పెట్టుకున్న రెండూ అక్కడ ఒకే మంచం పక్కన పనిచేశాయి.

అవి విడిపోతే ఏమవుతుందో చెప్పడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కథ చాలు. నెలలు నిండకుండా కాన్పయ్యే తల్లికి ముందుగా ఈ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులకు మేలని న్యూజీలాండ్‌లో లిగిన్స్, హోవీ 1972లో చూపించారు. ఆ తర్వాత ఇంకా ఎన్నో ట్రయల్స్ వచ్చాయి. అయినా అమెరికాలో అందరూ వాడాలని గట్టిగా సిఫారసు చేయడానికి 1994 దాకా పట్టింది. ఫలితం పత్రికలో ఉంది, చేతికి రాలేదు. ఈలోపు శ్వాస అందక పోయిన పిల్లల సంగతి ఏ పట్టికలోనూ ఉండదు.

తర్వాత అదే ఇంజెక్షన్‌ను ఊళ్లకు, చిన్న కేంద్రాలకు తీసుకెళ్లి ఆరు దేశాల్లో, దాదాపు లక్ష జననాల్లో పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది. బాగా చిన్నగా పుట్టిన పిల్లలకు మేలు జరగలేదు. మొత్తం పిల్లలను లెక్కిస్తే పసికందుల మరణాలు వెయ్యికి మూడున్నర చొప్పున పెరిగాయి. తల్లుల్లో ఇన్‌ఫెక్షన్ అనుమానాలు కూడా పెరిగాయి. ఇంజెక్షన్ అందుకున్న చాలామందికి నెలలు నిండే కాన్పయింది, అంటే అవసరం లేనివారికి పడింది. మళ్లీ 2020లో పెద్ద ఆసుపత్రుల్లో, స్కానింగ్‌తో నెలలు సరిగ్గా లెక్కకట్టి, పుట్టిన బిడ్డను చూసుకునే వసతి ఉన్నచోట ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్ జరిగితే మరణాలు తగ్గాయి. ఇంజెక్షన్ మారలేదు. ఎవరికి ఇవ్వాలో తేల్చుకునే తెలివి, ఇచ్చాక బిడ్డను కాపాడే ఏర్పాటు మారాయి. ఇలాంటప్పుడు క్లినికల్ పరిశోధకులు బోధన మా పని కాదనడం ఏ మాత్రం సమంజసం?

ఎథిక్స్ కమిటీల వారికి విడిగా ఒక మాట. గర్భిణి అనగానే ట్రయల్ నుంచి తీసేయడం మీకు జాగ్రత్తగా కనిపిస్తుంది. గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మందును గర్భిణుల మీద పద్ధతిగా పరీక్షించి అమ్మలేదు, పరీక్షించకుండానే అమ్మారు. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోన్ మందు సంగతి ఇంకా ఘోరం. గర్భస్రావాలు ఆపుతుందని ఇచ్చేవారు. ఉపయోగం లేదని 1953లోనే షికాగోలో ట్రయల్ తేల్చింది. అయినా వాడుతూనే పోయారు. కడుపులో ఉండగా ఆ మందు సోకిన ఆడపిల్లలకు అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడ్డాకే అమెరికాలో గర్భిణులకు వాడొద్దన్నారు. ట్రయల్ లేకపోవడం ఒక ప్రమాదం, ట్రయల్ ఉన్నా వినకపోవడం మరొకటి. గర్భంతో ఉందన్న ఒక్క కారణంతో స్త్రీని బలహీనురాలిగా లెక్కగట్టొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2016లో స్పష్టంగా చెప్పాయి. అయినా 2020లో కోవిడ్ టీకాల మొదటి ట్రయల్స్‌లో గర్భిణులను పక్కనే పెట్టారు. ఆ తర్వాత టీకా వేసుకోవాలా వద్దా అని ఆ స్త్రీలే ఎవరి ఊహ వారు చేసుకోవాల్సి వచ్చింది.

అంగీకార పత్రం గురించి కూడా చెప్పాలి. నొప్పులు వస్తున్న మనిషి చేతిలో నాలుగు పేజీల కాగితం పెట్టి సంతకం తీసుకోవడం అంగీకారం కాదు, మనల్ని మనం కాపాడుకోవడం. గర్భం ఏడో నెలలోనే, చెకప్‌కు వచ్చినప్పుడే, ఫలానా పరిశోధన జరుగుతోంది, మీ కాన్పు సమయానికి అడగవచ్చు అని చెప్పొచ్చు. మళ్లీ వచ్చినప్పుడు ఏం అర్థమైందో ఆమె మాటల్లోనే చెప్పమనొచ్చు. ఇది కూడా బోధనే. దీని మీద మంచి థీసిస్ చేయడానికి ఒక విద్యార్థికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఎవరూ ఎందుకు ఇవ్వరు ఈ అంశం?

బోధన అనగానే మనకు ఒకరు నిలబడి చెప్పడం, మిగతావాళ్లు కూర్చుని వినడం అనే అలవాటు కూడా వదలాలి. నేపాల్‌లోని మకవాన్‌పుర్ జిల్లాలో స్త్రీలు నెలకోసారి గుంపులుగా కూర్చున్నారు. వాళ్ల ఊళ్ల నుంచే ఒకామె ఆ సమావేశాలు నడిపింది. ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. తల్లులు, పసిబిడ్డలు ఎందుకు చనిపోతున్నారో వాళ్లే మాట్లాడుకున్నారు, ఏం చేయాలో వాళ్లే తేల్చుకున్నారు. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం ఆ గుంపులున్న చోట పసికందుల మరణాలు వెయ్యికి 26.2, లేని చోట 36.9. మన చార్టుకు, కరపత్రానికి ఇలాంటి లెక్క ఎప్పుడైనా వచ్చిందా?

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఎంఎస్సీ విద్యార్థి లక్ష కాన్పుల ట్రయల్ చేయగలదా? చేయలేదు. చేయమనడం లేదు. ఒకే ఏడాది పది కాలేజీల నుంచి పదిమంది విద్యార్థులు ఒకే అంశం మీద, పది రకాల ప్రశ్నావళులతో, ఒక్కొక్కరు అరవై మందిని తీసుకుని చేస్తున్నారు. అవి కలపడానికి పనికిరావు. ఆ పదిమందికీ ఒకే ప్రోటోకాల్, ఒకే కొలత ఇస్తే ఆరువందల మంది తల్లుల సమాచారం అవుతుంది. ఒక్కొక్కరు తమ భాగం మీద థీసిస్ రాసుకుంటారు, కలిపినది అందరి పేరుతో ప్రచురిస్తారు. గైడ్లు కలిసి కూర్చోవడం ఒక్కటే కష్టం, అది ఎంత కష్టమో నాకూ తెలుసు.

ఒంటరిగా చేసే విద్యార్థికీ నిజమైన అంశాలు కావలసినన్ని ఉన్నాయి. పుట్టగానే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఎంతసేపు ఉంచుతున్నారో గడియారం పట్టుకుని చూడొచ్చు. శ్వాస తీసుకోని బిడ్డకు బ్యాగ్, మాస్క్‌తో గాలి ఇవ్వడం నేర్పిన నర్సును ఆరు నెలల తర్వాత చెప్పకుండా వెళ్లి బొమ్మ మీద చేసి చూపించమనొచ్చు. డిశ్చార్జ్ అయిన తల్లికి ఆరో వారం ఫోన్ చేసి, చెప్పినవాటిలో ఏవి కుదిరాయి, ఏవి కుదరలేదు, ఎందుకు అని అడిగి రాసుకోవచ్చు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు కంగారూ సంరక్షణ, అంటే బిడ్డను తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్లు ఆనేలా ఉంచడం, పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు తగ్గుతాయని 2021లో అయిదు దేశాల పరిశోధన తేల్చింది, తగ్గుదల 25 శాతం. మరి మన వార్డులో ఎన్ని గంటలకు మొదలవుతోంది? ఆలస్యానికి కారణం తల్లికి తెలియకపోవడమా, బిడ్డ ఒక గదిలో తల్లి ఒక గదిలో ఉండటమా? తల్లికి తెలియదనే ఊహతోనే మన ప్రశ్నావళులన్నీ మొదలవుతాయి. చాలాసార్లు తెలియనిది మనకు.

నిధులిచ్చేవారు రెండు పనులు చేయండి. బోధన మీద పరిశోధనకు ఇచ్చే డబ్బులో, శిక్షణ ముగిసిన తర్వాత కనీసం ఏడాది పాటు వెంట వెళ్లి చూడటానికి ఒక భాగం కేటాయించండి. పరిశోధనలో పాల్గొన్న తల్లులకు ఫలితం ఏమిటో వారి భాషలో చెప్పడానికి ఖర్చు పెట్టకపోతే చివరి విడత ఆపేయండి.

సినాప్సిస్ కమిటీల వారిని అడిగేది ఇంకా చిన్నది. మీ ఫారంలో ప్రధాన ఫలితం అని ఒక గడి ఉంటుంది. అందులో జ్ఞాన స్కోరు అని మాత్రమే రాసి ఉంటే వెనక్కి పంపండి. పనిచేయలేదన్న ఫలితం వచ్చినా థీసిస్ పాస్ అవుతుందని ఆ ఫారం మీదే అచ్చు వేయండి. విద్యార్థుల సగం భయం దానితో పోతుంది. ఇందుకు నిధులు అక్కర్లేదు, ఒక మీటింగ్ చాలు. కొత్త ఫారానికి ముసాయిదా కావాలంటే నేను రాసి ఇస్తాను. వచ్చే బ్యాచ్ సినాప్సిస్‌లు పెట్టేలోపు కబురు చేయండి.

ఇట్లు,
ప్రసూతి, శిశు నర్సింగ్ బోధకురాలు